పలక మా కప్పు మీద, బ్యాటరీ ఎక్కడ?

సోలార్ కరెంటు చౌకైపోయిందని ఇవాళ ఎవరిని అడిగినా చెబుతారు. పత్రికలు రాస్తున్నాయి, మంత్రులు మాట్లాడుతున్నారు, గ్రామసభకు వచ్చే ఆఫీసర్లూ అదే చెబుతున్నారు. అది నిజమే. ముందు ముందు ఇంకా చౌకవుతుంది, ఇంకా బాగా పనిచేస్తుంది. అదీ నిజమే. కానీ లోకంలో చౌకైన ప్రతి వస్తువూ మన గూడేనికి చేరలేదు. చేరినదంతా మన మేలు కోరి రాలేదు. రాజవొమ్మంగి కొండల్లో బతికే ఆదివాసీలుగా మేం ఒక్క మాట అడుగుతున్నాం: ఈ చౌకదనం చివరికి ఎవరి ఇంట్లో దీపమై వెలుగుతోంది?

మా వాదన ముందే చెప్పేస్తాం. పలక ధర తగ్గినంత మాత్రాన మన చీకటి తగ్గదు. పగటి ఎండను రాత్రికి దాచే బ్యాటరీ కావాలి. పాడైతే బాగుచేసే మనిషి ఊళ్ళోనే ఉండాలి. మిగిలిన కరెంటు మీద మనకు లెక్క, హక్కు ఉండాలి. ఈ మూడూ లేకుండా కప్పు మీద పలక పెట్టి ఫొటో తీసుకుని వెళ్ళిపోతే, అది మన కప్పును వాడుకోవడమే అవుతుంది.

ముందుగా, చౌకైంది ఎంతో తెలుసుకుందాం. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మొదటి సిలికాన్ సోలార్ సెల్ చేసినప్పుడు, దాని మీద పడిన ఎండలో 6 శాతమే కరెంటుగా మారింది. 1977లో ఒక్క వాట్ సెల్ ధర 70 డాలర్ల పైమాట. ఇప్పుడు చైనా ఫ్యాక్టరీల దగ్గర ఒక వాట్ పలక 10 సెంట్ల దరిదాపుల్లో దొరుకుతోంది. బజారులో దొరికే మంచి పలక ఎండలో 22 శాతం దాకా కరెంటుగా మారుస్తోంది. సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ అనే మరో పొర వేసి చేసిన సెల్ ప్రయోగశాలలో 34 శాతం దాటింది. ఈ కొత్త రకానికి ఇంకా చిక్కులున్నాయి. తేమకూ వేడికీ త్వరగా దెబ్బతింటుంది, అందులో సీసం ఉంటుంది. వానలూ పొగమంచూ ఉండే మన కొండల్లో అది పాతికేళ్ళు నిలుస్తుందని రుజువు కావాలి. అయినా దారి అటువైపే ఉంది.

శాతం పెరిగితే మనకేమిటి? చిన్న ఇల్లున్న వాడికే ఇది పెద్ద విషయం. 2 కిలోవాట్లు పెట్టాలంటే 15 శాతం పలకలకు సుమారు 143 చదరపు అడుగుల పలక కావాలి. 22 శాతమైతే 98 అడుగులు చాలు. 30 శాతం పలకలు అందుబాటులోకి వస్తే 72 అడుగులతో సరిపోతుంది. ఊళ్ళో మేడలున్న వాళ్ళకు ఈ తేడా లెక్కలోకి రాదు. ఒక గది, ఒక వసారా ఉన్న మనకు ఇదే అసలు లెక్క. మంచి పలక ఎక్కడికి ముందు రావాలి అంటే చిన్న కప్పు ఉన్న ఇంటికే రావాలి. ఆచరణలో మాత్రం తక్కువ ధర టెండరు మనకు, మేలురకం పట్నానికి పోతుంది. వీధి దీపమైనా, బడి బెంచీ అయినా, సోలార్ అయినా మన వంతు చివరి సరుకే.

ఇప్పుడు పథకాల దగ్గరికి వద్దాం. కేంద్రం 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. కోటి ఇళ్ళు లక్ష్యం, 75,021 కోట్ల రూపాయల ఖర్చు. కిలోవాట్‌కు 30 వేల చొప్పున 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు పెడితే 78 వేల రూపాయల సబ్సిడీ. మన రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు 2 కిలోవాట్లు ఉచితంగా పెడతామని ప్రకటించింది. వినడానికి చాలా బాగుంది. కాగితం పెన్ను తీసి లెక్క వేద్దాం.

2 కిలోవాట్ల పలకలు మంచి ఎండలో రోజుకు సుమారు 8 యూనిట్లు ఇస్తాయి. నెలకు 240. మన ఇంట్లో 9 వాట్ల బల్బులు అయిదు, ఫ్యాన్లు రెండు, ఒక టీవీ, ఫోన్ ఛార్జింగు. అన్నీ కలిపితే రోజుకు 2 యూనిట్లు, నెలకు 60. అంటే 180 యూనిట్లు మన ఇల్లు దాటి లైన్లోకి పోతాయి. పోనీ, మన బిల్లు తగ్గుతుందా అంటే, ఎస్టీ ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇప్పటికే ఉంది. ఆ డబ్బు ప్రభుత్వం డిస్కంకు కడుతోంది. కప్పు మీద పలక వచ్చాక తగ్గేది ఆ కట్టుబడి. మన బిల్లు అప్పుడూ సున్నా, ఇప్పుడూ సున్నా. లాభం ఖజానాకు, మిగులు కరెంటు లైనుకు. ఇది తప్పని మేం అనడం లేదు. మన కప్పు వాడుకుంటున్నప్పుడు మన వంతు ఏమిటో తెలుగులో రాసి ఇవ్వమంటున్నాం. ఆ 180 యూనిట్లు ఎవరి ఖాతాలో పడుతున్నాయి? పలకలు ఎన్నేళ్ళకు ఎవరి సొంతం? ఇంటి పెద్ద వేలిముద్ర వేసే కాగితంలో ఏముంది? వేలిముద్ర వేయించుకున్న కాగితాల చరిత్ర మన తాతలకు బాగా తెలుసు.

దీనికంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. ఈ పథకం పలకలు కరెంటు లైనుతో ముడిపడి పనిచేస్తాయి. లైన్లో కరెంటు పోగానే ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది. లైను బాగుచేసే లైన్‌మన్‌కు షాకు కొట్టకుండా పెట్టిన ఏర్పాటు అది. అవసరమైనదే. కానీ దాని అర్థం ఏమిటి? గాలివానకు చెట్టు పడి లైను తెగితే, నడి ఎండలో కూడా మన కప్పు మీది పలక ఉత్త అద్దం. రాత్రయితే ఎలాగూ ఉత్త అద్దమే. కరెంటు ఉన్నప్పుడు కరెంటు ఇచ్చి, పోయినప్పుడు తానూ పోయే సోలార్ మనకు ఏ అక్కరకు? బ్యాటరీ, దానికి తగిన హైబ్రిడ్ ఇన్వర్టరు ఉంటేనే లైను తెగినా ఇల్లు వెలుగుతుంది. ఈ సబ్సిడీలో బ్యాటరీకి వాటా లేదు.

కాకినాడలోనో విశాఖలోనో పదినిమిషాలు కరెంటు పోతే ఫోన్లు మోగుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ నగరమే రోజుల తరబడి చీకట్లో ఉంది. అప్పుడు దేశమంతా అయ్యో అన్నది. మన దగ్గర హుద్‌హుద్ పేరు అక్కర్లేదు. వైశాఖంలో ఒక ఈదురుగాలి చాలు. అడవి మధ్య కిలోమీటర్ల కొద్దీ వేసిన లైను మీద ఏ కొమ్మ ఎక్కడ పడిందో వెతకడానికే పూట పడుతుంది. జ్వరంతో ఉన్న బిడ్డకు తడిగుడ్డ వేసే తల్లికి, పాము తిరిగే వసారాలో పడుకున్న ముసలికి, పదో తరగతి పరీక్షకు చదివే పిల్లకు ఆ రాత్రే దీపం కావాలి. బిల్లు తగ్గించే సోలార్ పట్నం అవసరం. లైను పోయిన రాత్రి వెలిగే సోలార్ మన అవసరం. పట్నం అవసరానికి కుట్టిన చొక్కా మన ఒంటికి తొడుగుతున్నారు.

కప్పు సంగతి కూడా చెప్పాలి. స్లాబు ఇల్లు ఉంటేనే పలకలు తేలిగ్గా నిలుస్తాయి. పెంకుటిల్లు, రేకులిల్లు, తాటాకు ఇల్లు ఉన్న వాళ్ళు జాబితాలోంచి జారిపోతారు. అంటే ఆదివాసీల పేరుతో వచ్చిన పథకంలో మనలో కాస్త మెరుగ్గా ఉన్నవాడికే పలక, అందరికంటే వెనకబడిన కొండరెడ్డి గూడేనికి పోస్టరు. దీపం కింద చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు.

కొండరెడ్ల వంటి అతి వెనకబడిన తెగల కోసం 2023 నవంబరు 15న పీఎం జన్‌మన్ మొదలైంది. లైను వేయలేని చోట ఇంటికి 0.3 కిలోవాట్ల సోలార్, బ్యాటరీతో సహా ఇవ్వాలి. ఇంటికి 50 వేల రూపాయల దాకా కేటాయింపు. ఇది సరైన దారి అని ఒప్పుకుంటాం. లెక్క చూస్తే ఎండకాలం అది రోజుకు ఒక యూనిట్ పైన ఇస్తుంది. అయిదు బల్బులు అయిదు గంటలు, తక్కువ కరెంటు తినే 30 వాట్ల ఫ్యాన్ పది గంటలు, ఫోన్లు, కాసేపు చిన్న టీవీ. అన్నీ నడిచినా ముప్పాతిక యూనిట్ లోపే. కానీ శ్రావణ భాద్రపదాల్లో మబ్బు దిగినప్పుడు పలక ఇచ్చేది నాలుగో వంతుకు పడిపోతుంది. అప్పుడు బల్బులూ ఫోనూ మాత్రమే. కాబట్టి బ్యాటరీ చిన్నది పెడితే సరిపోదు. రెండు మబ్బు రోజులు గడిచేలా పెట్టాలి. మైదానం లెక్కతో కొండకు కొలతలు తీయకూడదు.

బ్యాటరీ ఖరీదు ఎక్కువ అంటారు. ఒకప్పుడు నిజం. 2010లో లిథియం బ్యాటరీ ఒక యూనిట్ కరెంటు దాచే సామర్థ్యానికి వెయ్యి డాలర్ల పైన ఉండేది. 2024లో ప్రపంచ సగటు 115 డాలర్లు. నీళ్ళు పోసుకునే పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ మూడు నాలుగేళ్ళలో చస్తుంది. లిథియం ఫాస్ఫేట్ రకం సరిగ్గా వాడితే పదేళ్ళ దాకా నిలుస్తుంది. పలక చౌకైంది అని డప్పు కొట్టేవాళ్ళు బ్యాటరీ కూడా చౌకైంది అని ఎందుకు చెప్పరు? చెబితే ఇవ్వాల్సి వస్తుంది కనుక.

మరమ్మతు సంగతి మన గూడేలన్నిటికీ తెలిసిన కథ. ఏదో ఒక శాఖ సోలార్ వీధి దీపం పాతి వెళ్తుంది. ఏడాది వెలుగుతుంది. తర్వాత బ్యాటరీ పోతుంది, లేదా బ్యాటరీనే ఎవరో ఎత్తుకుపోతారు. స్తంభం మిగులుతుంది. దానికి మేకను కట్టుకుంటాం. బీహార్‌లోని ధర్నయి గ్రామంలో 2014లో గొప్పగా సోలార్ మైక్రోగ్రిడ్ పెట్టారు. దేశమంతా మెచ్చుకుంది. కొన్నేళ్ళకే బ్యాటరీలు పోయాయి, బాగుచేసే దిక్కు లేక మూలపడింది. ఆ ప్రాంగణంలో పశువులను కట్టేశారు. పక్కనే ఛత్తీస్‌గఢ్‌లో వేరే అనుభవం ఉంది. అక్కడి క్రెడా సంస్థ వందలాది అడవి గ్రామాల్లో సోలార్ నడిపింది. ఊళ్ళో ఒకరు పలకలు తుడిచి నీళ్ళు చూసుకునేవారు. కొన్ని ఊళ్ళకు కలిపి ఒక టెక్నీషియన్ తిరిగేవాడు. తేడా పలకలో లేదు, మనిషిలో ఉంది. రాజస్థాన్‌లోని తిలోనియాలో చదువు రాని ఆడవాళ్ళు, అమ్మమ్మలు కూడా సర్క్యూట్లు అతికి సోలార్ దీపాలు బాగుచేయడం నేర్చారు. పదో తరగతి, ఐటీఐ చదివి కూలికి పోతున్న మన పిల్లలు నేర్వలేరా?

ఇక్కడ కొందరు పెద్దమనుషులు ఒక మాట అంటారు: దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెడతారా? మా జవాబు వినండి. ఇది దానం కాదు. 1955లో మాచ్‌ఖండ్‌లో కరెంటు పుట్టింది. ఆ తర్వాత సీలేరు వచ్చింది. దిగువ సీలేరు ఒక్కటే 460 మెగావాట్లతో కట్టారు. ఆ నీళ్ళు మన కొండలవి. మునిగిన పొలాలూ ఊళ్ళూ మనవి. తీగలు మన నెత్తి మీదుగా మైదానానికి పోయాయి. కింద మనం బుడ్డి దీపం ముందు కూర్చున్నాం. ఊళ్ళో పది శాతం ఇళ్ళకు కరెంటు వస్తే చాలు ఊరు మొత్తం వెలిగినట్టే అని 2004లో నిర్వచనం రాసుకున్నారు. ఆ లెక్కతో 2018 ఏప్రిల్ 28న దేశంలో అన్ని గ్రామాలకూ కరెంటు వచ్చేసిందని ప్రకటించారు. మన మన్యంలోనే అనంతగిరి మండలం గూడెం అనే ఊరు, 17 కుటుంబాలు, 2025 నవంబరు దాకా ఆగింది. అడవిలో దాదాపు పది కిలోమీటర్లు స్తంభాలు వేసి, సోలార్, గాలిమర కూడా పెట్టి వెలిగించారు. సంతోషమే. చేయాలనుకుంటే చేయగలరని అది రుజువు చేసింది. అప్పటిదాకా ఎందుకు చేయలేదో కూడా అదే అడుగుతోంది.

ఆ ఊరి నుంచి ఇంకో పాఠం ఉంది. లైను కావాలా, సోలార్ కావాలా అని మనల్ని ఎంచుకోమంటారు. సోలార్ ఇచ్చాం కదా, ఇక లైను ఎందుకు అంటారు. లైను ఇచ్చాం కదా, ఇక బ్యాటరీ ఎందుకు అంటారు. ఈ ఉచ్చులో పడొద్దు. పిండిమరకు, బోరు మోటారుకు, జీడిపిక్కల పనికి లైను కావాలి. లైను తెగిన రాత్రికి సోలార్ బ్యాటరీ కావాలి. పట్నం వాడు రెండూ పెట్టుకుంటే ముందుచూపు, మనం రెండూ అడిగితే అత్యాశా?

ఇప్పుడు అసలు వింత చూడండి. సోలార్ చౌకై పగలు కరెంటు మిగులుతోంది. సాయంత్రం చాలడం లేదు. దాన్ని దాచాలి. ఎక్కడ? మన కొండల్లో. పంప్డ్ స్టోరేజ్ అంటే పైన ఒక చెరువు, కింద ఒక చెరువు. పగలు చౌక కరెంటుతో నీటిని పైకి తోడి, రాత్రి కిందకు వదిలి కరెంటు తీస్తారు. ఎర్రవరం, పెదకోట, చిట్టంవలస, గుజ్జిలి ఇలా మన మన్యంలో పేర్లు వరసగా వస్తున్నాయి. కంపెనీల సర్వేలను ఆదివాసీలు అడ్డుకుంటున్నారు. ఆలోచించండి. పట్నం రాత్రి వెలగడానికి మన కొండ మొత్తం బ్యాటరీ కావాలి. మన ఇల్లు రాత్రి వెలగడానికి బల్లకింద పట్టే చిన్న బ్యాటరీ ఇవ్వడానికి మాత్రం బడ్జెట్ లేదు!

మేం సోలార్‌కు శత్రువులం కాదు. బొగ్గు పొగ తగ్గాలనే మేమూ కోరుతున్నాం. వానలు తప్పితే మొదట ఎండేది మన పోడే. కానీ పచ్చ కరెంటు అని పేరు పెట్టినంత మాత్రాన చట్టం పక్కకు తప్పుకోదు. 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు చెల్లదు. కంపెనీ కూడా గిరిజనేతరుడే అని 1997లో సమత తీర్పులో సుప్రీంకోర్టు తేల్చింది. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు నోరు ఇచ్చాయి. ఆ నోరు మూయించి కొండ మీద చెరువు తవ్వితే అది పచ్చ కరెంటు కాదు, పాత దోపిడీయే.

రాజవొమ్మంగి ఈ మాట అనడం కొత్త కాదు. బాస్టియన్ అనే డిప్యూటీ తహశీల్దారు కూలి ఎగ్గొట్టి గూడెం కొండల్లో మన వాళ్ళ చేత రోడ్డు వేయించాడు. రోడ్డు చెడ్డదని ఎవరూ అనలేదు. చెమట మనది, రోడ్డు మీద పోయే కలప వాళ్ళది కావడం చెడ్డది. ఆ కడుపుమంటే 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట మీదుగా 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ దాకా వచ్చింది. వీరయ్యదొర సంకెళ్ళు తెగింది ఇక్కడే. వందేళ్ళ తర్వాత రోడ్డు స్థానంలో పలక వచ్చింది. ప్రశ్న మారలేదు.

కాబట్టి మేం కోరేది వరసగా చెబుతున్నాం. ఆదివాసీ ఇంటికి ఇచ్చే ప్రతి సోలార్‌తో బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టరు తప్పనిసరి చేయాలి. స్లాబు లేని ఇళ్ళకు బడి మీద, అంగన్‌వాడీ మీద, లేదా గ్రామసభ చూపిన చోట స్టాండు వేసి ఉమ్మడి పలకలు పెట్టాలి. ఆ నేల గ్రామానిదే అయి ఉండాలి. పది పదిహేను గూడేలకు ఒక్కరు చొప్పున మన యువతీ యువకులకే శిక్షణ ఇచ్చి, జీతం ఇచ్చి మరమ్మతు అప్పగించాలి. విడి భాగాలు మండల కేంద్రంలో ఉండాలి. లైన్లోకి పోయిన ప్రతి యూనిట్ లెక్క నెలనెలా పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. చచ్చిన బ్యాటరీలు, పగిలిన పలకలు వెనక్కి తీసుకెళ్ళే బాధ్యత 2022 నియమాల ప్రకారం తయారీదారుదే. ఆ సీసం మన గెడ్డలో కలవకూడదు. గ్రామసభ ఒప్పుకోని పంప్డ్ స్టోరేజ్ సర్వే వెంటనే ఆపాలి.

అడిగితే సరిపోదు, మన చేతిలో ఆధారం ఉండాలి. మాస్టార్లూ, మీ బడి గోడ మీద ఒక కాగితం అంటించండి. కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, పిల్లల చేతే రాయించండి. ఆరు నెలలు రాస్తే అదే మన నివేదిక. పదో తరగతి భౌతికశాస్త్రంలో వాట్, యూనిట్ లెక్కలు ఎలాగూ ఉన్నాయి. వాటిని తమ ఇంటి బల్బు మీద, తమ ఊరి పలక మీద చేయించండి. జడ్డంగిలోనో లాగరాయిలోనో చదివే పిల్ల తన ఇంటి మీటరు తాను చదవగలిగితే, రేపు ఏ కాగితం మీదా గుడ్డిగా వేలిముద్ర వేయదు. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ ఊళ్ళో చచ్చిన సోలార్ దీపాలు ఎన్నో లెక్క తీయండి. ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు ఆగాయి, ఏది పోయింది. ఆ జాబితాతో గ్రామసభలో తీర్మానం రాయించండి. తీర్మానం నకలు దగ్గర పెట్టుకోండి.

పలకలు ఇంకా చౌకవుతాయి. ఇంకా పలచనవుతాయి, ఇంకా బలమవుతాయి. పదేళ్ళకు గూడెం గూడెంలో ఉంటాయి, సందేహం లేదు. అవి వచ్చే రోజున మనం చేతులు కట్టుకుని నిలబడ్డ లబ్ధిదారులుగా ఉంటామా, లెక్క అడిగే యజమానులుగా ఉంటామా అన్నది పలక ధర తేల్చదు. మనం తేల్చాలి. ఎండ మీద పట్టా ఎవరికీ లేదు. కప్పు మనది, కొండ మనది. ఇక బ్యాటరీ కూడా మనదే కావాలి.